జహ్రా దాటాక కంకర గుంటలు

"ఈ శుక్రవారం వాకింగ్ సముద్రం ఒడ్డున కాదు నాన్నా, ఎడారిలోకి. జహ్రా దాటి చానా దూరం పోవాల. యాభై ఏండ్ల కిందటి కంకర గుంటలున్నాయంట ఆడ. అంతదూరం నువ్వు రాలేవులే, ఇంట్లోనే ఉండు," అంది మా అమ్మాయి సుజాత, నా పళ్లెంలో ఇడ్లీ వేస్తూ. నా చేతిలోని ముక్క చట్నీ దాకా పోయి ఆగిపోయింది. "వస్తాను," అన్నాను. అమ్మాయి నా వైపు వింతగా చూసింది. కువైట్‌లో, ఫింటాస్‌లోని తన ఫ్లాటుకు నేను వచ్చి రెండు నెలలైంది. ఈ రెండు నెలల్లో సాయంత్రం కిందికి దిగి నాలుగడుగులు వేద్దాం రమ్మంటే మోకాళ్లు నొప్పులని చెప్పి తప్పించుకున్న మనిషిని నేను.

సుజాత సాల్మియాలో ఒక బడిలో పాఠాలు చెబుతుంది. చలికాలమంతా శుక్రవారాలు ఒక గుంపుతో కలిసి నడకకు వెళుతుంది. ఆ గుంపులో కువైటీలున్నారు, మలయాళీలున్నారు, ఈజిప్టు వాళ్లున్నారు. ఎక్కడో ఒకచోట నడుస్తారు, నడిచిన చోట పడివున్న చెత్త ఏరి సంచుల్లో నింపుతారు, ఎడారి మొక్కలు నాటుతారు. ఎవరికీ జీతం లేదు, ఇష్టం కొద్దీ చేస్తారు. ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్న ఒక కువైటీ భూగోళం టీచరమ్మ వాళ్లను నడిపిస్తుంది. ఆమె అసలు పేరు ఎవరూ పలకరు. ఇక్కడి పిల్లలు పంతులమ్మను పిలిచినట్టు అందరూ "అబ్లా" అంటారు.

నేను రెండు కథల పుస్తకాలు రాశాను. రెండింటి వెనక అట్ట మీదా నా ఫోటో కింద "కువైట్‌లో చాలాకాలం స్టోర్‌కీపరుగా పనిచేశారు" అని ఉంటుంది. అందులో అబద్ధం లేదు. కాని ఆ ఉద్యోగానికి ముందు రెండేళ్లు నేను ఏం చేశానో ఆ అట్ట మీద లేదు, లోపలి కథల్లోనూ లేదు. నా భార్య పోయేదాకా ఆమెకు చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు. సుజాత కారు ఊరు దాటి ఉత్తరానికి తిరిగి, ఇళ్లు పలచబడి, రెండువైపులా బూడిదరంగు నేల మొదలయ్యేసరికి నేను కిటికీ అద్దం దించాను. ఆ దారిలో నేను మొదటిసారి పోయింది లారీ వెనక, ఒక రేకుపెట్టె మీద కూర్చుని.

వానలు పడి నెల దాటినట్టుంది. నేల మీద గరుకుగా, పలచగా పచ్చదనం లేచింది. అబ్లా నెత్తిన గుడ్డ మీద ఎండటోపీ పెట్టుకుని, చేతికర్రతో ముందు నడుస్తోంది. మేము పాతికమందిమి వెనక నడిచాం. ఆ రోజుల్లో తవ్విన గుంటల అంచులు గాలికి అరిగి నున్నగా జారిపోయాయి. కొన్ని సగం పూడిపోయాయి. అడుగున అక్కడక్కడా అర్ఫజ్ పొదలు, వాటికి పసుపుపచ్చని చిన్న పూలు. "ఈ దేశం ఇళ్లు కట్టుకున్న రోజుల్లో కంకర ఇక్కణ్ణుంచే పోయింది. మేం దాన్ని సల్బూఖ్ అంటాం. మా నాన్న ఇల్లు కట్టినప్పుడు మా వాకిట్లో పోసిన కుప్ప మీద నేను ఆడుకున్నాను," అని ఇంగ్లీషులో నిదానంగా చెబుతోంది అబ్లా. కొంచెం ముందుకు పోయాక, సగం ఇసుకలో కూరుకుపోయిన ఒక సిమెంటు దిమ్మె దగ్గర ఆగింది. పైన తుప్పుపట్టిన బోల్టులు నాలుగు నిలబడి ఉన్నాయి. "ఇది నీళ్ల ట్యాంకు దిమ్మె అయ్యుంటుంది. దీన్ని పగలగొట్టి తీసేసి, ఇక్కడ మొక్కలు నాటాలనుకుంటున్నాం," అంది.

"ట్యాంకుది కాదమ్మా," అన్నాను. అంత గట్టిగా అంటానని నేనే అనుకోలేదు. "బెల్టుది. కంకర ఏరే బెల్టు మోటారు దీని మీద ఉండేది. నీళ్ల డ్రమ్ములు అదిగో, ఆ పక్కన. మా రేకుల షెడ్డు ఆ గుంట వెనకాల."

అందరూ నా వైపు తిరిగారు. సుజాత అందరికంటే ఆలస్యంగా తిరిగింది. "నీకెట్ల తెలుసు నాన్నా?" అంది. నేను ఆ దిమ్మె అంచున కూర్చున్నాను. నిలబడి చెప్పగలిగే సంగతి కాదది.

నేను ఇంటరు పాసై, ఊళ్లో రెండేళ్లు ఖాళీగా తిరిగి, గుమాస్తా ఉద్యోగమని రాసివున్న కాగితం పట్టుకుని ఈ దేశంలో దిగాను. దిగిన మూడోరోజు లారీ ఎక్కించి ఈ గుంటల దగ్గర దించారు. కాగితంలో గుమాస్తా అని ఉంది గదా అని నేను అడిగితే, అక్కడి సూపర్‌వైజరు నవ్వి, బెల్టు వైపు చెయ్యి చూపించి, "యల్లా" అన్నాడు, పద కానీయమని. జల్లెడలోంచి పడిన కంకర ఆ బెల్టు మీద పారుతూ వస్తుంటే, రెండువైపులా నిలబడి మట్టిగడ్డలూ మెత్తరాళ్లూ వేర్లూ ఏరి పారెయ్యాలి. అదీ ఉద్యోగం. మొదటి వారంలోనే ఇచ్చిన చేతితొడుగులు చిరిగిపోయాయి. వేళ్ల కొసలు పగిలి, అన్నం కలుపుకుంటే మంట పుట్టేది. బెల్టు మీద అన్ని రాళ్లూ ఒక్కలాగే దుమ్ము పూసుకుని ఉండేవి. ఏది గట్టిదో ఏది మెత్తదో నాకు తెలిసేది కాదు. నా పక్కన నిలబడ్డ పెద్దాయన నాలుగురోజులు నన్ను చూసి, ఐదోరోజు నోరు విప్పాడు. "కంటితో సూడొద్దబ్బీ. కండ్లు మోసం చేస్తాయి. వేలితో సూడు," అన్నాడు. ఆ మాట, ఆ యాస చెవిన పడగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన పుల్లయ్య. మా ఊరికి పది మైళ్లలో ఉన్న ఊరు ఆయనది. ఆరోజు నుంచి నాకు పుల్లయ్య మామ.

మా షెడ్డులో ఎనిమిది మంచాలు. ఇప్పటికీ డీజిలు వాసనా, కిరసనాయిలు స్టవ్వు వాసనా, తడి గోనెపట్టా వాసనా కలిసి ఎక్కడైనా తగిలితే నాకు ఆ షెడ్డులోనే ఉన్నట్టుంటుంది. తాగే నీళ్ల జాడీలకు గోనెపట్టాలు చుట్టి తడిపి నీడలో పెట్టేవాళ్లం. నీళ్ల లారీ వారానికి రెండుసార్లు వచ్చేది. గాలిదుమ్ము లేచిన రోజున డ్రమ్ము మీద మీగడలాగా మట్టి తేలేది, దాన్ని గుడ్డతో తీసి వాడుకునేవాళ్లం. పుల్లయ్య మామ అందరికంటే ముందు లేచేవాడు. కాళ్లు కడుక్కుని, తూర్పుకు తిరిగి ఒక్క దండం పెట్టుకుని, తలగుడ్డ విప్పి దులిపి మళ్లీ కొత్తగా చుట్టుకునేవాడు. అది అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మా ఎనిమిది మందికీ వంట ఆయనే చేసేవాడు. ఎవరూ చెయ్యమనలేదు, ఇంకొకరు చేస్తే ఆయనకు నచ్చేది కాదు, అంతే. రాగిపిండి దొరకదు కనుక బియ్యంలో గోధుమపిండి వేసి, పెట్టె చెక్కతో తానే చెక్కుకున్న తెడ్డుతో గెలికి సంగటి చేసేవాడు. ముద్దలు కట్టి పళ్లేల్లో పెడుతూ, "ఇది సంగటి గాదు, దానికి అన్నదమ్ముడు. తినండి," అనేవాడు. ముందుగా ఒక చిన్న ముద్ద తీసుకుపోయి బయట రాతి మీద పెట్టేవాడు. కాకులు లేని చోట అది ఎవరికని మేం నవ్వేవాళ్లం. వారం తిరక్కుండానే ఒక మట్టిరంగు పిట్ట దాని కోసం రావడం మొదలుపెట్టింది. శుక్రవారం సెలవు. ఆరోజు మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి మాడుకు నూనె పెట్టేవాడు. నేను తప్పించుకోబోతే, "తల్లి ల్యాని కాడ తల ఎండబెట్టుకోగూడదు," అని మెడ పట్టి కూర్చోబెట్టేవాడు.

మా షెడ్డులో కోనసీమ మనిషి ఒకడుండేవాడు, సత్యం. నాకంటే వయసులో పెద్దవాడే, అయినా నన్ను "రాయుడు గారూ" అనీ "ఏవండీ" అనీ పిలిచేవాడు. మా కడప వైపు మామగారిని కూడా అంత మర్యాదగా పిలవరు గనుక మొదట్లో నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. ఆ ఏడాది చలికాలంలో రెండు రోజులు విడవకుండా వాన పడింది. తెల్లారి చూస్తే పెద్ద గుంట నిండా నీళ్లు. సత్యం గట్టు మీద నిలబడి చిన్నపిల్లాడిలా అరిచాడు. "ఏవండోయ్ రాయుడు గారూ, కాలవొచ్చేసిందండీ మన ఇంటికి! దూకేద్దాం రండి!" చొక్కా విప్పి దూకి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేపలాగా పోయి వచ్చాడు. ఈత రాని మా సీమవాళ్లం మోకాలి లోతులో నిలబడి నీళ్లు తల మీద పోసుకున్నాం. సత్యం నా పొట్ట కింద చెయ్యి పెట్టి, "కాళ్లాడించండి, భయమేవీ లేదండి, నేనున్నాను కదండీ," అంటూ నాకు ఈత నేర్పాడు. నీళ్లు ఇంకిపోవడానికి మూడు వారాలు పట్టింది. నా జీవితంలో నేను ఈత కొట్టింది ఆ మూడు వారాలే, అదీ ఎడారిలో. తర్వాత సత్యం ఎక్కడికి పోయాడో తెలియదు.

ఆ షెడ్డులోనే ఒక పెట్టె బోర్లించుకుని ఇంటికి జాబులు రాసేవాణ్ణి. ఇప్పుడు చెప్పవలసింది ఆ జాబుల సంగతి. మా నాయన ఓబయ్య నాపబండల గనిలో పనిచేసేవాడు. పన్నెండేళ్ల వయసులో గునపం పట్టి, నడుము పడిపోయేదాకా బండలు లేపాడు. మా ఇంట్లో అరుగు ఆ బండలతోనే, గోడ ఆ బండలతోనే, నేను బడికి పట్టుకుపోయిన పలక కూడా అలాంటి రాయే. అయినా నన్ను మాత్రం రాయి ముట్టనివ్వలేదు. చెల్లెలు రత్నమ్మ వాకిట్లో అచ్చనగాయలు ఆడుతుంటే నేను పక్కన కూర్చున్నా ఊరుకునేవాడు కాదు. "లెయ్. పోయి పుస్తకం పట్టుకో. నీ చేతికి రాయి తగలగూడదు," అనేవాడు. నన్ను బస్సెక్కించేటప్పుడు కూడా ఆ గుమాస్తా కాగితం ఇంకోసారి చదివించుకుని విన్నాడు. అలాంటి మనిషికి నేను రాళ్లు ఏరుతున్నానని ఎట్లా రాసేది? ఫ్యాను కింద కూర్చుని పని చేస్తున్నానని రాశాను. నాకు ఒక బల్ల ఉందనీ, దాని మీద టెలిఫోను ఉందనీ రాశాను. మా నాయనకు చదువు రాదు, రత్నమ్మే చదివి వినిపించేది. ఒకసారి జాబు కింద తన మాటగా రాసింది. "అన్నా, నీ అచ్చరాలు వంకర పోతాండాయి. ఆఫీసులో పని ఎక్కువా?" పగిలిన వేళ్ల సందున కలాన్ని ఇరికించుకుని రాస్తే అక్షరాలు వంకర పోక ఏమవుతాయి?

రెండో ఏడాది పుల్లయ్య మామ సెలవు మీద ఇంటికి పోతున్నాడు. ఇంటికి, రత్నమ్మకు ఒక చీరా, నాయనకు చొక్కాగుడ్డా పంపాలి. మూట ఆయన చేతిలో పెట్టి, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని అడిగాను. "మామా, మా నాయనతో నేను ఆఫీసులో ఉండానని చెప్పు. నువ్వు ఆ పక్కన ఏదో పనిలో ఉండావని చెప్పు."

ఆయన మూట పెట్టెలో సర్ది మూత వేశాడు. "నాకు అబద్ధం రాదబ్బీ," అన్నాడు.

"నిజం చెప్తే మా నాయన తట్టుకోలేడు మామా."

"అడిగితే సూద్దాం," అన్నాడు. అంతకంటే ఆయన చేత ఏమీ అనిపించలేకపోయాను.

ఆయన లేని రెండు నెలలూ నాకు బెల్టు దగ్గర చెయ్యి ఆడలేదు. తిండి సరిగ్గా దిగేది కాదు. ఇంటి నుంచి జాబు వస్తే విప్పడానికే భయం. అనుకున్న రోజుకే మామ తిరిగొచ్చాడు. లారీ దిగి, ముందు కాళ్లు కడుక్కుని, తలగుడ్డ కట్టుకున్నాడు. నేను ఆయన వెంటే తిరుగుతున్నాను.

"మీ నాయన అన్నం పెట్టినాడు," అన్నాడు. "నేను తింటాంటే ఎదురుగ్గా కూచోని నా చేతుల తట్టు సూసినాడు. 'వాడు నీ కాడనే ఉండాడా?' అన్నాడు. 'నా కాడనే ఉండాడు' అన్న్యా. అంతే. ఇంగేం అడగల్యా, నేనేం చెప్పల్యా. పొద్దన్నే బస్సు కాడికొచ్చి, 'వానికియ్యి' అని ఇది చేతిలో పెట్టినాడు."

ఇచ్చింది ఒక చిన్న రేకు డబ్బా. మూత గట్టిగా బిగుసుకుని ఉంది, దాని చుట్టూ పాత పంచె చించిన గుడ్డపేలికలు. మూత తియ్యకముందే నాకు వాసన తెలిసింది. తేనెమైనం, ఆముదం, గుగ్గిలం కలిపి ఇనపగరిటెలో కరిగించి చేసిన మందు. గనిలో పనిచేసేవాళ్లు వేళ్లు పగిలితే రాసుకుని, పైన గుడ్డపేలిక చుట్టుకుంటారు. నా చిన్నతనంలో రోజూ దీపాలవేళకు మా నాయన పొయ్యి ముందు కూర్చుని ఆ మందు వెచ్చబెట్టుకుని ఒక్కొక్క వేలికీ పట్టించుకునేవాడు. ఇల్లంతా ఆ వాసన కమ్ముకునేది. మా అమ్మ పోయాక కూడా మానలేదు. ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని పనిచేసే కొడుక్కు ఎవరూ ఆ మందు పంపరు. నేను ఆ డబ్బా పట్టుకుని షెడ్డు వెనక్కి పోయి, గోడకు మొహం పెట్టుకుని ఏడ్చాను. మామ వచ్చి నా పక్కన కూర్చుని, నా చెయ్యి లాక్కుని, మందు రాసి పేలికలు చుట్టాడు.

ఇంటికి రాసిన జాబులో "ఆఫీసు బాగుంది. మీరు పంపింది అందింది. వాడుతున్నాను" అని మాత్రం రాశాను. రత్నమ్మ రాసిన జవాబులో మా నాయన మాట ఇట్లా ఉంది: "రోజూ సాయంత్రం పూసుకోమన్నాడు నాయన. ఏం పూసుకోవాల్నో నాకు చెప్పల్యా."

ఆ తర్వాత కొన్నాళ్లకు స్టోరులో మనిషి వెళ్లిపోతే, పెట్టెల మీద ఇంగ్లీషు చదవగలనని నన్ను అక్కడికి మార్చారు. అబద్ధం రాసిన రెండేళ్లకు అది నిజమైంది. సెలవు మీద ఇంటికి పోయినప్పుడు మా నాయన నన్ను అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుని, వచ్చినవాళ్లకల్లా చెప్పాడు. "మావోడు కువైట్‌లో కుర్చీలో కూచోని చేసే పని." ఆ మాట చెబుతున్నంతసేపూ నా చెయ్యి తన చేతిలోనే పెట్టుకున్నాడు. ఆయన బొటనవేలు నా వేళ్ల కొసల మీద, మానిన పగుళ్ల మీద, నెమ్మదిగా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మరో ఏడెనిమిదేళ్లు బతికాడు.

ఇదంతా ఆ దిమ్మె మీద కూర్చుని ఇంత వివరంగా చెప్పలేదు. కొంత వచ్చీరాని ఇంగ్లీషులో అబ్లాకు చెప్పాను, మిగతాది తిరిగి వచ్చేటప్పుడు కారులో సుజాతకు చెప్పాను. అమ్మాయి కారు నడుపుతూ అంతా వింది. తర్వాత, "తాతకు తెలుసని నీకు తెలుసు. నీకు తెలుసని తాతకు తెలుసు. నాకొక్కదానికే తెలీదు," అంది. గొంతులో కోపం ఉంది. "బడిలో పిల్లలకు నేను ఏం చెప్తానో తెలుసా? ఏ పనీ చిన్నది కాదని చెప్తాను. నా ఇంట్లో నువ్వేమో..." అని ఆగిపోయింది. నిజం చెప్పాలంటే, ఇన్నేళ్లూ నేను దాచింది మా నాయన కోసమే అని నన్ను నేను నమ్మించుకున్నాను. ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటింది. ఇంకా ఎవరి కోసం దాస్తున్నట్టు?

తర్వాతి శుక్రవారం కూడా వెళ్లాను, ఆ పై శుక్రవారం కూడా. దిమ్మెను పగలగొట్టడం అబ్లా మానేసింది. అదే చోట నిలబడి వచ్చినవాళ్లకు బెల్టు సంగతి చెప్పే పని నాకు అప్పగించింది. నడక బూట్లు వేసుకుని, నీళ్ల సీసాలు భుజాన తగిలించుకుని, ఆడా మగా పిల్లలూ ఆ గుంటలను చూడ్డానికి ఇష్టపడి వస్తుంటే మొదట నాకు నవ్వొచ్చింది. మేం ఎప్పుడు బయటపడతామా అని రోజులు లెక్కబెట్టుకున్న చోటు అది. కాని ఒక తల్లి తన కూతురికి రెండు రాళ్లు చేతికిచ్చి, ఆ తాత చెప్పినట్టు కళ్లు మూసుకుని వేలితో చూడమని చెప్పినప్పుడు, పుల్లయ్య మామ ఉంటే ఎంత మురిసిపోయేవాడో అనిపించింది. ఆయన నేర్పిన విద్య నేర్చుకునేవాళ్లు ఉంటారని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. మేం గొయ్యి తవ్వి వదిలేసిన నేలలో మళ్లీ పొద లేస్తోంది. నేను నాటిన అర్ఫజ్ మొక్కలు ఏడు. వాటిలో నాలుగు బతికాయి.

ఒకరోజు అబ్లా ఒక చెక్కబోర్డు గురించి చెప్పింది. దిమ్మె పక్కన నిలబెడతారట. ఈ గుంటల్లో పనిచేసినవాళ్ల పేర్లు, దొరికినన్ని, దాని మీద రాస్తారట. "మీ పేరు, మీ నాన్నగారి పేరు, మీరు చేసిన పని. మా దగ్గర తండ్రి పేరు లేకపోతే మనిషి పేరు సగమే," అంది. నా పేరు చెప్పాను. తండ్రి పేరు దగ్గర ఆగాను. మా నాయన పేరు ఒకపక్క, రాళ్లు ఏరే పని ఒకపక్క. ఆయన ఏది జరగకూడదని జీవితమంతా కోరుకున్నాడో దాన్ని చెక్క మీద రంగుతో రాయించి నిలబెట్టడమా? వచ్చేవారం చెబుతానన్నాను. ఇంటికొచ్చి రత్నమ్మకు ఫోన్ చేశాను. అది అంతా విని, ఆ డబ్బాలో ఏముందో ఇన్నేళ్లకు తెలిసిందని కాసేపు నవ్వి, కాసేపు ముక్కు చీది, ఇట్లా అంది. "నాయన బండలు లేపినోడే గదన్నా. ఆయన దానికి ఎప్పుడు సిగ్గుపడినాడు? నీకు నొప్పయితాదని భయపడినాడు, అంతే. సిగ్గుపడింది నువ్వు. రాయించుపో."

రాయించాను. చెంగల్రాయుడు, తండ్రి ఓబయ్య, రాళ్లు ఏరే పని.

తర్వాత పుల్లయ్య మామ పేరు చెప్పబోతే, ఆయన తండ్రి పేరు నాకు తెలియదని తెలిసొచ్చింది. రెండేళ్లు ఆయన చేతి ముద్ద తిన్నాను, ఆ మాట ఒక్కసారైనా అడగలేదు. మామ పోయి చాలా ఏళ్లయింది. రత్నమ్మే వాళ్ల ఊరికి మనిషిని పంపి ఆరా తీసింది. ఆయన మనవడు శివయ్య కువైట్‌లోనే ఉన్నాడని తెలిసింది. డ్రైవరు, మహబూలాలో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటాడు. మా అమ్మాయి ఫ్లాటు నుంచి నడిచి పోయేంత దూరం. ఫోన్ చేస్తే, ఆ శుక్రవారం తన సెలవు మార్చుకుని మాతోపాటు గుంటల దగ్గరికి వచ్చాడు. నలభై దాటిన మనిషి. నుదురు, నడక, అచ్చం మామే.

దిమ్మె చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. బోల్టులు ముట్టుకున్నాడు. "ఈడ ఏం పని జరిగేది సార్?" అన్నాడు. చెప్పాను. అతను నమ్మలేనట్టు చూశాడు.

"మా అబ్బ రాళ్లు ఏరినాడా? మాకట్ల చెప్పల్యా సార్. వంట మాస్టరునని చెప్పేటోడు. కువైట్‌లో పెద్ద వంటశాల, తెల్లపంచె కట్టుకోని గెంటె తిప్పడమే పని అనేటోడు. మా అవ్వ సచ్చిపొయ్యేదాకా ఊరంతా అట్లనే చెప్పుకునింది."

నాకు అబద్ధం రాదబ్బీ అన్న మనిషి! ముందు సుజాత నవ్వింది, తర్వాత నేను నవ్వాను. నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. శివయ్య కాసేపు అయోమయంగా నిలబడి, తనూ నవ్వాడు. అబ్లాకు సంగతేమిటో సుజాత ఇంగ్లీషులో చెప్పింది. బోర్డు నేల మీద పరిచి ఉంది, రంగూ కుంచే పట్టుకుని ఒకమ్మాయి కనిపెట్టుకుని ఉంది. పుల్లయ్య, తండ్రి గురవయ్య, అన్నాడు శివయ్య. పని దగ్గర ఆగి నా వైపు చూశాడు.

"ఏం రాయమంటారు సార్? మా అబ్బ మాట పోకూడదు. నిజమూ పోకూడదు."

"రాళ్లు ఏరే పని అని రాయమని చెప్పు," అన్నాను. "దాని పక్కన వంట అని కూడా రాయించు. ఎనిమిది మందికి మూడు పూటలా వండి పెట్టినాడు మీ అబ్బ. అది అబద్ధం కాదు."

శివయ్య ఆ రెండు మాటలూ కుంచె పట్టుకున్న అమ్మాయికి అరబీలో చెప్పాడు. ఆమె కుంచె ముంచి రాస్తుంటే, అతను వంగి, రంగు తడి మీద దుమ్ము పడకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి, అది ఆరేదాకా అట్లాగే కూర్చున్నాడు.